వల నిండిన ఏడాది

వేసవిలో ఊరిచెరువు ఎండిపోయేటప్పుడు ఒక రోజు వస్తుంది. నీళ్లన్నీ ఇంకిపోయి, చివరికి తూము దగ్గర మోకాలి లోతు మడుగు ఒక్కటే మిగులుతుంది. చెరువంతా తిరిగిన చేపలన్నీ అందులోకి చేరతాయి. వల కూడా అక్కర్లేదు. పిల్లలు తట్టలతో పట్టేస్తారు. ఆ పూట ఊళ్లో ఏ ఇంటి ముందు నుంచి వెళ్లినా చేపల పులుసు వాసనే! అయినా సరే, 'ఈ ఏడు చెరువులో చేప తెగ పెరిగింది' అని ఎవరూ అనరు. గట్టు మీద నిలబడితే చెరువు మొత్తం కళ్లకు కనిపిస్తుంది కదా.

సముద్రానికి గట్టు లేదు. అందుకే 1972లో పెరూ దేశం మడుగును చూసి చెరువనుకుంది. ఆ ఏడాది మొదటి నెలల్లో పడవలు రేవు దాటి ఎంతోదూరం పోనక్కర్లేకుండానే వలలు నిండాయి. కొన్ని నెలలు తిరిగేసరికి ప్రపంచంలోనే అతి పెద్ద చేపలవేట కుప్పకూలింది. సముద్రం బాగున్నప్పుడు వల నిండటంలో వింతేముంది? సముద్రం పాడవుతున్నప్పుడు కూడా వల నిండుతుంది. చిన్నచేపల కథలో అసలు చిక్కు అదే.

పెరూ తీరమే ఓ విచిత్రం. ఒడ్డున చూస్తే ఇసుక ఎడారి. రాజధాని లీమాలో ఏడాది మొత్తం మీద కురిసే వాన మన దగ్గర ఒక్క జల్లుకు సరిపోదు. గొడుగుల కొట్టు పెట్టుకున్నవాడు అక్కడ బతకలేడు. అదే ఎడారిని ఆనుకుని ఉన్న సముద్రం మాత్రం నిండుకుండ. ప్రపంచ సముద్రాల విస్తీర్ణంలో ఒక శాతానికి కూడా సరిపోని ఆ నీళ్లే, మంచి కాలంలో ప్రపంచం పట్టే చేపల్లో దాదాపు పదో వంతు ఇస్తాయి.

కారణం గాలి. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడే వీచే గాలి పై నీటిని నెడుతుంది. భూమి తిరుగుడు వల్ల ఆ నీరు గాలి వెంట తిన్నగా పోదు. అక్కడ ఎడమపక్కకు, అంటే ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. చచ్చిన జీవులు మునిగి, కుళ్లి, ఏళ్ల తరబడి పోగైన నత్రజని, భాస్వరం అన్నీ ఆ నీటిలో ఉంటాయి. చీకట్లో ఊరికే పడున్న ఎరువుకు ఒక్కసారిగా ఎండ తగులుతుంది. ఇంకేం, కంటికి కనిపించని మొక్కలు, వాటిని తినే సూదిమొనంత జీవులు కోట్లకు కోట్లు పుడతాయి. వీటినే ప్లవకాలంటారు. భూమధ్యరేఖకు అంత దగ్గరలో కూడా పెంగ్విన్లు బతికేంత చల్లగా ఉంటుందా నీరు.

ఆ ప్లవకాలను తిని బతికే చేప పేరు ఆంచోవెటా. మన కోస్తాలో ఎండబెట్టి అమ్మే నెత్తళ్లకు దగ్గరి చుట్టం. మహా అయితే జానెడు పొడవు. ఏడాదికే గుడ్లు పెడుతుంది. మూడేళ్లు బతికితే గొప్ప. కానీ దాన్ని నమ్ముకున్నవాళ్ల జాబితా మాత్రం చాలా పెద్దది. గ్వానాయ్ అనే నీటికాకులు, బూబీలు, గూడబాతులు, పెంగ్విన్లు, సముద్ర సింహాలు, పెద్ద చేపలు... చివరన మనిషి. ఇలాంటి సముద్రాల్లో కింద వందల రకాల ప్లవకాలుంటాయి, పైన బోలెడన్ని వేటజీవులుంటాయి. మధ్యలో మాత్రం ఒకటి రెండు రకాల చిన్నచేపలే. శాస్త్రవేత్తలు దీనికి కందిరీగ నడుమని పేరు పెట్టారు. ఆ సన్నటి నడుము విరిగితే పైదీ కిందదీ చెరోవైపు పడతాయి.

పెరూ వాళ్లకు మొదట విలువ తెలిసింది చేపది కాదు, పక్షిది. ఇంకా చెప్పాలంటే పక్షిరెట్టది! వాన లేని దీవుల మీద ఆ రెట్ట కొట్టుకుపోకుండా శతాబ్దాల పాటు పేరుకుంది. దాన్నే గ్వానో అంటారు. చించా దీవుల్లో ఆ గుట్టలు పదుల మీటర్ల ఎత్తున ఉండేవి. ఇంకా రాజుల కాలంలో, గుడ్లు పెట్టే వేళ ఆ దీవుల్లో అడుగుపెట్టినా, పక్షిని చంపినా మరణశిక్షేనని గార్సిలాసో అనే చరిత్రకారుడు రాశాడు. 1840ల నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలు యూరప్ పొలాలకు ఆ ఎరువు ఓడలకు ఓడలు తరలింది. చైనా నుంచి తెచ్చిన కూలీలు ఆ దుమ్ములో తవ్వుతూనే చనిపోయారు. 1864లో స్పెయిన్ నౌకాదళం వచ్చి ఏకంగా ఆ దీవుల్నే ఆక్రమించింది. రెట్ట కోసం దేశాల మధ్య పోరంటే నవ్వొస్తుంది కానీ, అప్పట్లో పెరూ ఖజానా నడిచింది దాని మీదే.

గుట్టలన్నీ తరిగిపోయాక బుద్ధొచ్చింది. 1909లో ప్రభుత్వం గ్వానో కోసం ఓ కంపెనీ పెట్టింది. దీవులకు కాపలాదారుల్ని నియమించింది. గూళ్లు కట్టే కాలంలో అటువైపు ఎవర్నీ పోనివ్వలేదు. తర్వాత తర్వాత ఒడ్డునున్న కొండకొమ్ముల చుట్టూ నక్కలు రాకుండా పొడవాటి గోడలు కూడా కట్టించింది. పక్షులు పెరిగాయి. 1950ల నడుమకు వాటి సంఖ్య దాదాపు 2.8 కోట్లు! ఒక్కో గ్వానాయ్‌కి రోజుకు అరకిలోకు కాస్త తక్కువ చేప కావాలి. ఆ లెక్కన అన్నీ కలిసి ఏడాదికి ఎంత తినేవో ఊహించుకోవచ్చు. అయినా చేప తరగలేదు.

అలాగని ఆ పక్షులకు కరవు తెలియదనుకుంటే పొరపాటే. కొన్నేళ్లకోసారి, క్రిస్మస్ రోజుల్లో, ఉత్తరం నుంచి వెచ్చటి నీరు పెరూ తీరానికి దిగుతుంది. పైటా రేవు జాలర్లు దానికి బాలయేసు పేరు పెట్టుకున్నారు... ఎల్‌నినో. 1892లో లీమాలోని భౌగోళిక సంఘానికి కమీలో కరీయో అనే నౌకాధికారి ఆ సంగతి వివరించాడు. మామూలుగా నెలా రెండు నెలల్లో పోతుంది. కొన్నిసార్లు మాత్రం ఏడాదికి పైగా తిష్ఠ వేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎల్‌నినోలో తీరంలో గాలి ఆగిపోతుందనుకుంటారు. ఆగకపోవచ్చు. అడుగు నీరు పైకి రావడమూ ఆగకపోవచ్చు. కానీ పసిఫిక్‌కు ఆ చివర పోగై ఉండాల్సిన వెచ్చటి నీరు ఇటు తరలి వచ్చి, పైపొర బాగా మందమవుతుంది. దాంతో పైకి వచ్చే నీరు కూడా ఆ వెచ్చటి పొరలోదే. అందులో ఎరువుండదు. గిలక తిరుగుతూనే ఉంటుంది, చేద పైకి వస్తూనే ఉంటుంది, అందులో నీళ్లే ఉండవన్నమాట.

అప్పుడు ఆంచోవెటా ఏం చేస్తుంది? చల్లదనం ఎక్కడ మిగిలితే అక్కడికి పోతుంది. కొన్ని గుంపులు దక్షిణానికి, కొన్ని లోతుకు, కొన్ని ఒడ్డును అంటిపెట్టుకున్న చల్లటి మడుగుల్లోకి. బూబీలు, గూడబాతులు పైనుంచి దూకి పట్టేవే కానీ లోతుకు ఈదేవి కావు. కొద్ది మీటర్లు దిగితే చేప వాటికి దక్కదు. తల్లిదండ్రులు గూళ్లు వదిలేస్తాయి. పిల్లలు గూళ్లలోనే చనిపోతాయి. ఆకలేసిన గూడబాతులు రేవుల్లో, చేపల మార్కెట్లలో మనుషుల కాళ్ల మధ్య తిరగడం అక్కడివాళ్లకు తెలిసిన దృశ్యమే. 1957-58 ఎల్‌నినోకి 2.8 కోట్ల పక్షుల్లో దాదాపు 60 లక్షలే మిగిలాయి.

కానీ ఆ పక్షులు కరవును తట్టుకోవడానికే పుట్టినట్టుంటాయి. చాలా సముద్రపక్షులు ఏడాదికి ఒక్క గుడ్డుతో సరిపెట్టుకుంటే, ఇవి రెండు మూడు పెడతాయి. సముద్రం కోలుకుంటే అవీ కోలుకుంటాయి. అలాగే 1960ల మొదటికి మళ్లీ దాదాపు 1.7 కోట్లకు చేరాయి. 1965లో మరో ఎల్‌నినో వచ్చింది. పక్షులు 50 లక్షల లోపుకు పడిపోయాయి. ఈసారి లేవలేదు. సముద్రం కోలుకుంది, చేప కూడా ఉంది. మరి పక్షులేవి?

మధ్యలో వల వచ్చింది. 1940ల చివర్లో కాలిఫోర్నియాలో సార్డీన్ చేప కరవై అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ పాత యంత్రాల్లో కొన్ని పెరూ చేరాయి. ఆంచోవెటాను ఉడికించి, పిండి, ఎండబెట్టి పొడి చేయడం మొదలైంది. మనుషులు తినడానికి కాదు... అమెరికా, యూరప్ కోళ్లకూ పందులకూ మేతగా. చింబోతే అనే చిన్న రేవు ప్రపంచంలోనే పెద్ద చేపల రేవైంది. ఆ ఊరి వాసన గురించి మాత్రం ఎవరూ మంచిగా చెప్పరు. గ్వానో కంపెనీ మొదటి నుంచీ ఈ వేటను వ్యతిరేకించింది. చేపను చేపగా అమ్మడం కన్నా పక్షికి పెట్టి ఎరువుగా తీసుకోవడమే లాభమని దాని వాదన. స్వార్థమే కావచ్చు, కానీ ఆ దేశంలో పక్షి తరఫున మాట్లాడింది ఆ స్వార్థమొక్కటే.

1970లో పెరూ పడవలు 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టాయి. ఆ ఏడాది ప్రపంచం మొత్తం సముద్రంలో పట్టిన చేపల్లో అది దాదాపు ఐదో వంతు. ఒకే దేశం, ఒకే రకం చేప! ఏటా 95 లక్షల టన్నులకు మించొద్దని నిపుణులు చెబుతూనే ఉన్నారు. కానీ వెయ్యికి పైగా రింగువల పడవలున్నాయి, అప్పులున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. పడవను ఒడ్డున కట్టేస్తే వడ్డీ ఆగదు కదా.

1972 ఎల్‌నినో సరిగ్గా అప్పుడొచ్చింది. చెరువు మడుగైంది. చెదిరి తిరగాల్సిన గుంపులు తీరం దగ్గర ఇరుకు మడుగుల్లో ఒత్తుకున్నాయి. పడవలకు పండగే పండగ. అయితే వలలో పడుతున్నవన్నీ పెద్ద చేపలే, గుడ్లు పెట్టాల్సినవే. ఆ ఏడు కొత్తగా కలవాల్సిన పిల్లచేపలు దాదాపు లేవు. విత్తనాల గాదె తీసి వండుకు తిన్నట్టయింది. 1971లో కోటి టన్నులు దాటిన వేట 1972లో 50 లక్షల లోపుకు, 1973లో 20 లక్షల లోపుకు దిగిపోయింది. 1973లో ప్రభుత్వం పరిశ్రమను జాతీయం చేసింది. అప్పటికి జాతీయం చేయడానికి పడవలు, యంత్రాలు, అప్పులు మిగిలాయి... చేప తప్ప!

తప్పెవరిది? సముద్రానిదని పడవలవాళ్లు, పడవలదని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. నిజానికి సముద్రం వాటా తక్కువేం కాదు. కాలిఫోర్నియా దగ్గర సముద్రపు అడుగు బురదలో పొరలు పొరలుగా పడిన చేపపొలుసులను లెక్కించిన పరిశోధకులకు 1,700 ఏళ్ల చరిత్ర దొరికింది. మనిషి వల పెద్దది కాకముందు కూడా సార్డీన్లు, నెత్తళ్ల జాతి చేపలు దశాబ్దాల తరబడి పెరుగుతూ, మాయమవుతూ వచ్చాయి. పెరూలోనూ అంతే. 1972 తర్వాత ఆంచోవెటా చోటులోకి సార్డీన్ వచ్చింది, రెండు దశాబ్దాలు రాజ్యమేలింది. నీరు మళ్లీ చల్లబడ్డాక 1990లలో ఆంచోవెటా తిరిగొచ్చింది, సార్డీన్ తెరమరుగైంది. కాబట్టి తగ్గడం సముద్రం పనే. కానీ ఎంత లోతుకు పడుతుంది, ఎన్నాళ్లకు లేస్తుంది అన్నది మాత్రం పడేటప్పుడు వల ఎంత పట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

దానికి రుజువు కూడా పెరూయే. 1997-98లో మరింత బలమైన ఎల్‌నినో వచ్చింది. సముద్ర సింహాలు వేల సంఖ్యలో చనిపోయాయి. ఈసారి మాత్రం వేటకు కళ్లెం వేశారు. 2000 నాటికే పట్టుబడి మళ్లీ కోటి టన్నుల దరిదాపులకు వచ్చింది. 1972 తర్వాత రెండు దశాబ్దాలు పట్టింది ఇప్పుడు రెండేళ్లలో అయిపోయింది! 2009 నుంచి పడవ పడవకూ కోటా పెట్టడంతో ముందు పట్టినవాడిదే చేప అన్న పరుగు తగ్గింది. 2023లో సముద్రం వేడెక్కి, సర్వేలో పిల్లచేపలే ఎక్కువ కనిపించడంతో, ప్రధానమైన ఉత్తర-మధ్య తీరంలో మొదటి సీజన్‌ను పూర్తిగా రద్దు చేశారు. వేల కుటుంబాలకు ఆ నెలల్లో పనిలేదు. ఆ నొప్పి చిన్నది కాదు. 2024లో మొదటి సీజన్‌కు 24.75 లక్షల టన్నుల కోటా ఇవ్వగలిగారంటే మాత్రం ఆ ఖాళీ నెలల చలవ కూడా అందులో ఉంది.

ఇంత దూరపు కథ మనకెందుకంటారా? ఎల్‌నినో అన్న మాట మన రైతుకు పెరూ జాలరి కన్నా తక్కువేం తెలియదు. 1972, 1982, 2002, 2009... పెరూ నీళ్లు వేడెక్కిన ఈ ఏళ్లలోనే మన దేశంలో వానలు మొహం చాటేశాయి. అసలు పసిఫిక్‌కు రెండు చివర్లా గాలి ఒత్తిడి తక్కెడలా ఊగుతుందని పట్టుకున్నది భారత వాతావరణ శాఖ అధిపతిగా పనిచేసిన గిల్బర్ట్ వాకర్. రుతుపవనాల గుట్టు వెతుకుతూ వెళ్తే ఆయనకు దొరికిందది. అదీ ఎల్‌నినో ఒకే నాణేనికి రెండు ముఖాలని చాలా ఏళ్ల తర్వాత గాని తేలలేదు. ఇక రొయ్యల చెరువులున్నవారికైతే ఇంకో ముడి కూడా ఉంది. రొయ్యల మేతలో చేపపొడి ఒక దినుసు. పెరూలో సీజన్ రద్దయితే ప్రపంచమంతా చేపపొడి ధర పెరుగుతుంది.

మన తీరంలో చిన్నచేపల పెద్దరికం కవళ్లది, కానాగంతలది. కానాగంత శాస్త్రీయ నామంలో ఇప్పటికీ 'కనగుర్త' అన్న మాటే ఉంది. 1803లో ప్యాట్రిక్ రసెల్ విశాఖపట్నం చేపల పుస్తకం వేసినప్పుడు ఇక్కడి జాలర్ల నోటి నుంచి తీసుకున్న పేరది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలులకు విశాఖ తీరంలోనూ అడుగు నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త లఫాండ్ దాన్ని పరిశీలించాడు. కానీ గోదావరి, కృష్ణ, గంగ కలిపే మంచినీరు తేలికై మూతలా పైన పరుచుకోవడం వల్ల బంగాళాఖాతంలో ఆ బలం తక్కువ. పెరూ అంతటి పంట ఇక్కడ పండదు. అరేబియా వైపు కేరళలో పండుతుంది, ఎండుతుంది కూడా. 2012లో దాదాపు 3.9 లక్షల టన్నులు దొరికిన నూనె కవళ్లు 2021లో 3,300 టన్నులైనా దొరకలేదు. అక్కడ ఇంటింటి కూర అది. సముద్రం వేడి ఎంత, రింగువల ఎంత అన్న వాదన ఇప్పుడు అక్కడా నడుస్తోంది. వింటుంటే 1972 పెరూ మాటలే వింటున్నట్టుంటుంది.

ఇంతకీ పక్షి సంగతి. చేపను కోలుకునేలా చూడటం పెరూ నేర్చుకుంది. పక్షిని కోలుకునేలా చూడటం ఇంకా ఎవరూ నేర్చుకోలేదు. ప్రపంచంలోని 7 సముద్ర ప్రాంతాల్లో 14 రకాల సముద్రపక్షుల వివరాలను జోడించి 2011లో ఓ పరిశోధక బృందం ఒక లెక్క తేల్చింది. సముద్రంలో చిన్నచేప దాని గరిష్ఠ స్థాయిలో మూడో వంతు కన్నా తగ్గితే, పక్షి ఏదైనా సరే, పిల్లలు బతకడం తగ్గిపోతుంది. కోటా లెక్కలు వేసేటప్పుడు చేపకు ఎంత మిగలాలో చూస్తారు. ఆ మిగిలింది పక్షికి అందేంత దగ్గరలో, అందేంత పైన ఉందా అన్నది కాగితం మీద కనిపించదు. గూట్లో పిల్ల ఉన్న గ్వానాయ్ ఎంతోదూరం పోలేదు. దీవి పక్కనున్న గుంపును పడవ తోడేస్తే, దేశం మొత్తం మీద చేప ఎంతుంటే దానికేం?

2022 చివర్లో బర్డ్‌ఫ్లూ వచ్చి గూడబాతులను, బూబీలను, గ్వానాయ్‌లను లక్షల్లో చంపింది. 1965కు ముందున్న సంఖ్యకు ఎన్నడూ చేరని మందలకు అది మరో దెబ్బ. గ్వానో తవ్వకం మాత్రం ఇప్పటికీ ఉంది. యంత్రాలు వాడితే పక్షులు బెదురుతాయని పారలతో, చీపుర్లతోనే ఎత్తుతారు. కొండకొమ్ముల మీద నక్కల కోసం కట్టిన గోడలూ ఉన్నాయి. దీవుల్లో కాపలాదారులు పక్షులు కూర్చున్న మేరను గీసుకుని, చదరపు మీటరుకు మూడు గూళ్ల లెక్కన గుణించి, పక్షులెన్నో పుస్తకంలో రాస్తారు. పాత పద్ధతే. పక్షులు కూర్చునే మేర మాత్రం చిన్నదైపోయింది.